ఉన్న ర్యామ్‌తోనే

మా ఇంట్లో మగవాళ్ళు అడగరు. నిలబడతారు.

ఇది మా ముత్తాతగారి నాటి పద్ధతి. ఫ్రెంచివారి కాలంలో ఆయన ఏ దుకాణం ముందుకైనా వెళ్ళి, చేతికర్ర నేలకు ఆనించి నిలబడితే చాలట. దుకాణదారు మెట్లు దిగి వచ్చి, ఏం కావాలో తనే కనుక్కుని, సరుకు ఇంటికి పంపించేవాడట. మా తాతగారు అలాగే నిలబడ్డారు. మా నాన్నగారు, పంపించడానికి మేడ లేని రోజుల్లో కూడా, అలాగే నిలబడ్డారు. నేనూ నిలబడతాను. తేడా ఏమిటంటే, నేను యానాం బజారులో రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే ఆటోవాళ్ళు వచ్చి "కాకినాడేనాండీ? ఎక్కండి, ఒక్క సీటే ఖాళీ" అంటారు.

మేడ పోయి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఫరంపేటలో రెండు గదుల పెంకుటింట్లో ఉంటున్నాం. మా ఆవిడ ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. నేను ఇంట్లో కూర్చుని, పాత దస్తావేజులు స్కాన్ చేసి, మరకలు తుడిచి, చదవగలిగేలా ప్రింటు తీసి ఇస్తాను. ఫ్రెంచి అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఊళ్ళో తగ్గిపోయారు కాబట్టి పని వస్తూనే ఉంటుంది. జనం కాగితాలతో పాటు పాత ఫోటోలు, పాత కేసెట్లు కూడా తెస్తారు. ఆ పనంతా చేసేది మా కంప్యూటర్. పన్నెండేళ్ళ కిందట కొన్నాను. అప్పటికే ఆ రకం పాతదని కొట్టువాడు చెప్పాడు. అయినా కొత్తది, డబ్బా విప్పనిది. అది నాకు ముఖ్యం. ఒకరు వాడి విడిచిన వస్తువు మా గుమ్మం దాటి లోపలికి రాలేదు, ఇంతవరకు.

మా వీధిలోనే, మూడిళ్ళ అవతల, టీచరుగారు ఉంటారు. నాకు నాలుగో తరగతిలో లెక్కలు చెప్పారు. యానాం మొత్తంమీద నన్ను "నువ్వు" అనగలిగే మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కరే. ఆవిడ భర్త మైకు ప్రకటనలు చేసేవారు. మొదట రిక్షాలో, తర్వాత ఆటోలో ఊరంతా తిరిగి, సినిమా మారిందనీ, గేదె తప్పిపోయిందనీ, గోదారి పెరుగుతోంది జాగ్రత్తగా ఉండమనీ చెప్పేవారు. యానాంలో నా వయసువాళ్ళందరికీ లోకంలో ఏం జరుగుతోందో ఆ గొంతే చెప్పింది. ఆయన పోయి పదేళ్ళయింది.

ఎండాకాలంలో ఒక వారం మొదట్లో టీచరుగారు ఒక కేసెట్ పట్టుకుని వచ్చారు. గొంతు బాగాలేని రోజుల్లో వేసుకుని తిరగడానికి ఆయన ముందుగా రికార్డు చేసి పెట్టుకున్న ప్రకటనలట. ఆటో ఇంజను పక్కనే పెట్టుకుని రికార్డు చేశారు. పైగా వరదల్లో ఒకసారి తడిసింది.

"వెయ్యి చూద్దాం" అన్నారు.

వేశాను. గంటసేపు ఇంజను, ఇసుక జల్లెడ పట్టినట్టు ఒక చప్పుడు. ఆ రెండింటి అడుగున ఎక్కడో ఒక మనిషి ఉన్నాడని తెలుస్తోంది. అంతే.

"ఇది శుభ్రం చెయ్యగలవా నాయనా?"

"చేస్తాను టీచరుగారూ."

"శనివారం సాయంత్రం నాలుగింటికి ఆయన జ్ఞాపకార్థ కూడిక. కార్డులో వేయించేశాను, ఆయన స్వరం వినిపించబడును అని."

"నన్ను అడగకుండానే వేయించారా?"

"నువ్వు కాదనవుగా" అని, కాసేపు కేసెట్ పెట్టె మూత తీస్తూ వేస్తూ కూర్చున్నారు. తర్వాత చిన్నగా అన్నారు. "ఆయన ముఖం గుర్తుంది. నడక గుర్తుంది. గొంతు గుర్తు రావడం లేదు. ఊరందరికీ తెలిసిన గొంతు, నాకు గుర్తు రావడం లేదు. ఎవరితోనైనా అంటే నవ్వుతారు."

నేను నవ్వలేదు. శనివారం నాలుగింటికి ఇస్తానని మాట ఇచ్చాను.

టేపుకు పట్టిన బూజు తుడిచి, ఆరబెట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించేసరికి గురువారం గడిచిపోయింది. శుక్రవారం ఉదయం ఏడింటికి, చప్పుళ్ళలోంచి మనిషి గొంతును విడదీసే ప్రోగ్రాము మొదలుపెట్టాను. అది కాసేపు ఆలోచించి, పూర్తి కావడానికి ముప్పై ఆరు గంటలు పడుతుందని చూపించింది.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. శనివారం సాయంత్రం ఏడు. కూడిక నాలుగింటికి.

ప్రాసెసర్ వేగాన్ని, తయారుచేసినవాళ్ళు నిర్ణయించిన దానికన్నా మనమే పెంచుకోవచ్చు. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఎప్పటికైనా పనికొస్తుందని ఇంటర్నెట్‌లోంచి పదకొండు పేజీలు ప్రింటు తీసి, ఫైలులో కుట్టి పెట్టుకున్నాను. క్లుప్తంగా చెబితే విషయం ఇదీ. మదర్‌బోర్డు మీద, పాటకు వేసినట్టు, ఒక తాళం నడుస్తూ ఉంటుంది. మా దాంట్లో అది రెండు వందలు. ప్రాసెసర్ ఆ తాళానికి అడుగులు వేస్తుంది. ప్రాసెసర్ చేతికి పని అందించేది ర్యామ్. అది కూడా అదే తాళానికి, తన వాటా ప్రకారం అడుగులు వేస్తుంది. తాళం పెంచితే ఇద్దరూ పరుగెత్తాలి. ప్రాసెసర్ పరుగెత్తగలదు. పాత ర్యామ్ పరుగెత్తలేదు. కొత్త ర్యామ్ వేద్దామంటే ఆ రకం ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదు. దొరికేవి వాడి తీసేసినవి. అవి మా గుమ్మం దాటవు. కాబట్టి ఉన్న ర్యామ్‌తోనే కానివ్వాలి. అందుకూ ఆ పేజీల్లో దారి చెప్పారు. ముందుగా ర్యామ్ వాటాను ఒక మెట్టు తగ్గించి, తర్వాత తాళం పెంచాలి అని.

నేను ఆ వాక్యం దగ్గర చదవడం ఆపేశాను.

ఎందుకంటే మా ఇంట్లో ఒకసారి ఇచ్చిన స్థానం తగ్గించరు. మా నాయనమ్మ ఈ విషయంలో చాలా కచ్చితం. ఒకరోజు కుర్చీ వేసినవాడికి మరోరోజు చాప వేయకూడదు. ఒకసారి వెండి గ్లాసులో మజ్జిగ ఇచ్చిన చుట్టానికి, ఆయన ఎంత పనికిమాలినవాడని తర్వాత తేలినా, చివరిదాకా వెండి గ్లాసే. ఇంట్లో ఒక్క వెండి గ్లాసు మిగిలినప్పుడు కూడా ఆయన వస్తే అది తీసేవారు. ఇక ఆ ర్యామ్ నా దగ్గర పన్నెండేళ్ళుగా ఒక్కరోజు సెలవు పెట్టకుండా పనిచేసింది. ఈ రోజు అవసరం వచ్చిందని దాన్ని ఒక మెట్టు కింద కూర్చోబెట్టడం నాకు మర్యాదగా తోచలేదు. ఇద్దరినీ సమానంగా గౌరవించి, ఇద్దరినీ పెంచుదామనుకున్నాను.

కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ మీట నొక్కితే ఒక నీలి తెర వస్తుంది. దాన్ని బయోస్ అంటారు. అక్కడికి వెళ్ళి, రెండు వందలను రెండు వందల అరవై ఆరు చేశాను. ర్యామ్ జోలికి వెళ్ళలేదు. ఎంటర్ నొక్కాను.

తెర నల్లబడింది. పెట్టెలో ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెరమీద మాత్రం ఏమీ లేదు. ఆపి మళ్ళీ వేశాను. ఐదుసార్లు. ఆ తర్వాత, ఇలాంటప్పుడు మా వంశంలో చేసే పనే చేశాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బజారుకు వెళ్ళి నిలబడ్డాను.

నేను నిలబడిన కొట్టులో జిరాక్సులు తీస్తారు, ఫోటోలు లామినేషన్ చేస్తారు, కంప్యూటర్లు బాగుచేస్తారు. యజమాని పక్కనున్న అడవిపొలం నుంచి వచ్చే అమ్మాయి. అమ్మాయి అనడం అలవాటు కొద్దీ, ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆవిడ ముందు జిరాక్సుల వరస ఉంది. నేను వరసలో లేను. పక్కగా, నిటారుగా ఉన్నాను. పావుగంట తర్వాత ఆవిడ తల ఎత్తింది.

"ఏం కావాలి బాబుగారూ, జిరాక్సా?"

"కాదు."

"ప్రింటాండీ?"

"కాదు."

"మరి లామినేషనేమో."

"కాదు."

వరసలో చేపల బుట్టతో ఉన్న ఒకావిడ నావైపు తిరిగింది. "ఏదోటి ఒప్పేసుకోండి బాబూ. నా బుట్టలో ఐసు కరిగిపోతంది."

కొట్టు అమ్మాయి జిరాక్సు మిషను మూత వేసింది. "ఇంట్లో కంప్యూటర్ గానీ చచ్చిపోయిందాండీ?"

"చావలేదు. మాట్లాడటం లేదు."

"అదేటి! మీరేం చేసేరు దాన్ని?"

"వేగం పెంచాను."

"ఎంతకండీ?"

"రెండు వందల అరవై ఆరు."

"ఒక్కసారే?" ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "ర్యామ్ వాటా దించేరా మరి?"

నేను లామినేషన్ మిషను వైపు చూశాను. దాని మీద ఎవరిదో పెళ్ళి ఫోటో సగం లోపలికి వెళ్ళి ఉంది.

"దించలేదంటమ్మా" అని ఆవిడ వరసలో ఉన్నవాళ్ళందరికీ చెప్పింది, వాళ్ళందరికీ అది తెలియవలసిన విషయమైనట్టు. తర్వాత చేపలావిడ కాగితం ముందు తీసి ఇచ్చి, షట్టరు సగం దించి, స్క్రూడ్రైవర్ల సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. "పదండి."

దారిలో నేను శనివారం నాలుగింటి సంగతీ, టీచరుగారికిచ్చిన మాటా చెప్పాను. ఆవిడ కొట్టులో ఉన్న కంప్యూటర్ ప్రస్తావన కూడా తెచ్చాను, అడిగినట్టు కాకుండా. "అయ్యో, అది మీ దానికన్నా ముసిల్దండి. రెండు జిరాక్సులు వరసనిత్తేనే నిద్దరోద్ది" అంది.

ఇంటికొచ్చి, పెట్టె పక్క రేకు ఊడదీసి, లోపల వేలు పెట్టి, గుండ్రటి చిన్న బ్యాటరీ ఒకటి బయటికి తీసింది. చొక్కా గుండీ అంత ఉంటుంది.

"ఇది ఐదు నిమిషాలు తీసి ఉంచితే చాలండి. మనం పెట్టిన అంకెలన్నీ మర్చిపోయి, పుట్టినప్పటి బుద్ధికొచ్చేత్తాది."

పూట సెలవు పెట్టి అప్పుడే ఇంట్లోకి వచ్చిన మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, లోపలి దృశ్యమంతా ఒకసారి చూసింది. పెట్టె విప్పి ఉంది, నేను ఇస్త్రీ చొక్కాలో ఉన్నాను. విషయం అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎప్పుడూ ఎక్కువసేపు పట్టదు.

"అమ్మాయ్, ఈయనక్కూడా అలాంటి బిళ్ళ ఎక్కడైనా ఉందేమో చూడు. ఓ ఐదు నిమిషాలు తీసి పెడదాం" అంది.

ఇద్దరూ నవ్వారు. నేను గోడ గడియారం చూశాను. పదీ ముప్పావు.

బ్యాటరీ తిరిగి పెట్టాక తెర వెలిగింది. అమ్మాయి నీలి తెరలోకి వెళ్ళి, ర్యామ్ అంకె మీద వేలు పెట్టింది.

"అది ముట్టుకోవద్దు" అన్నాను.

"ఎందుకండీ?"

"దాని స్థానం అలాగే ఉండనీ."

ఆవిడ స్టూలు మీద నావైపు తిరిగి కూర్చుంది. "మా తాత మీ తాతగారి పల్లకీ మోసేడంటండి. నిజమేనాండీ?"

"మోశాడు. మంచి బోయీ అని చెప్పేవారు."

"పల్లకీ ముందోళ్ళు పరిగెట్టేరనుకోండి. ఎనకోళ్ళు ముసిలోళ్ళు. ఆళ్ళని కూడా పరిగెట్టమంటే ఏటవుద్ది? తూలిపోతారు. అప్పుడు దెబ్బ తగిలేది మోసేవోళ్ళకి కాదండి. లోపల కూచున్నాయనకి."

మా ఆవిడ వంటింట్లోంచి "బాగా చెప్పేవ్" అంది.

అయినా నేను ఒప్పుకోలేదు. ఆవిడ నిట్టూర్చి, ర్యామ్‌ను అలాగే వదిలేసి, తాళాన్ని రెండు వందల నలభైకి పెంచింది. దానికన్నా ఎక్కితే ర్యామ్ పడిపోతుందట. రెండు వందల నలభై దగ్గర కంప్యూటర్ బుద్ధిగా లేచింది. ప్రోగ్రామును కొత్తగా లెక్క అడిగితే, ముప్పై గంటలని చెప్పింది. అప్పటికి పదకొండున్నర. అంటే రేపు అయిదున్నర.

"పాటలూ ప్రార్థనా కాస్త ఎక్కువసేపు చేయమని పాస్టర్‌గారికి చెప్పించండి" అంది మా ఆవిడ.

"గంటన్నర ఎక్కువా!" అంది అమ్మాయి. "ముందు ఇది సరిగ్గా పంజేత్తందో లేదో చూద్దారి" అని, రికార్డు మధ్యలోంచి ఇరవై సెకన్ల ముక్క ఒకటి తీసి శుభ్రం చేయమని పెట్టింది. ఆ ఇరవై సెకన్లకు పది నిమిషాలు పట్టింది. ఆలోపు ఆవిడ మా ఇంట్లో మజ్జిగ తాగింది. స్టీలు గ్లాసులో. ముక్క పూర్తయింది. మీట నొక్కింది.

ఇంజను లేదు. ఇసుక లేదు. గదిలో ఒక మనిషి గొంతు విప్పాడు.

"...పెద్దమేడ వారి గృహమందలి సామాను రేపు ఉదయం పది గంటలకు బహిరంగముగా వేలము వేయబడును. పందిరి మంచములు మూడు. బీరువాలు నాలుగు. నిలువుటద్దము ఒకటి. గడియారము ఒకటి, నడుచుచున్నది..."

ముక్క అక్కడితో అయిపోయింది.

పెద్దమేడ మాది. ఆ ప్రకటన ఊళ్ళో తిరిగిన రోజు నాకు పద్నాలుగేళ్ళు. ఆటో మా వీధి మలుపు తిరిగేసరికి మా అమ్మ కిటికీలన్నీ మూయించింది. నేను మేడమీది గదిలోకి వెళ్ళి చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఆ రోజు వినకుండా తప్పించుకున్న మాటలు, నలభై ఏళ్ళకు పైగా గడిచాక, నేనే సొంత ఖర్చుతో, సొంత కంప్యూటర్‌లో, చప్పుడంతా తుడిచి వినిపించుకున్నాను.

కొట్టు అమ్మాయి తెర వంకే చూస్తోంది. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

తెర మీద గొంతు అలలు అలలుగా గీతల్లా కనిపిస్తుంది. ఒక ప్రకటనకూ మరో ప్రకటనకూ మధ్య ఖాళీ ఉంటుంది. అమ్మాయి ఆ గీతల మీద వేలు పెట్టి, నెమ్మదిగా, కంప్యూటర్‌తో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"ఇక్కణ్ణించి ఇక్కడిదాకా ఆరు నిమిషాలుందండి. అంతా ఇదే ప్రకటన. ఇది తీసేత్తే మూడు గంటలు కలిసొచ్చేత్తాయి. ఏకంగా మూడింటి లోపే అయిపోద్ది." కాస్త ఆగి, "ఎవురికీ తెలీదండి" అంది.

నిజమే. టీచరుగారికి కావలసింది ఆయన గొంతు. అరవై నిమిషాల్లో యాభై నాలుగు నిమిషాలు వినిపిస్తే గొంతుకు లోటేమీ లేదు. టేపులో ఏముందో ఆవిడకు తెలియదు. పైగా కారణం చెప్పుకోవడానికి ఎంతో గౌరవంగా ఉంది: వేళ చాలలేదు. అబద్ధం కూడా కాదు. ఆ కుర్చీలో కూర్చుని నేను ఆ ఆరు నిమిషాలను ఎంత మర్యాదగా పంపించవచ్చో అన్ని విధాలా ఆలోచించాను. ఆలోచిస్తుంటే ఒకటి అడ్డం వచ్చింది. ఆయన అన్ని ప్రకటనలూ ఒకే గొంతుతో చేశారు. గేదె తప్పిపోయినా, మేము తప్పిపోయినా. అందులో ఏది ఆవిడ భర్త, ఏది కాదు అని నిర్ణయించడానికి నేనెవరిని? ఆవిడ నన్ను శుభ్రం చేయమన్నారు. కత్తిరించమనలేదు.

"ర్యామ్ వాటా దించు" అన్నాను.

"దించమంటారా?" అమ్మాయి నమ్మలేదు.

"ఒక మెట్టు."

"మీరే నొక్కండి బాబుగారూ. మళ్ళీ నన్ననకండి."

నీలి తెరలోకి వెళ్ళి, ర్యామ్ వరస మీదికి వచ్చి, మైనస్ మీట నేనే నొక్కాను. ఒకసారి. తర్వాత తాళాన్ని రెండు వందల అరవై ఆరుకు ఎక్కించాను. అప్పుడు అమ్మాయి తెర మీద ర్యామ్ అసలు వేగం చూపించే అంకె దగ్గర వేలు పెట్టింది. ఉదయం, నేను ఏమీ ముట్టుకోకముందు, అక్కడ ఏ అంకె ఉందో అదే ఉంది.

"చూసేరా? మీరు దించింది వాటానండి. తాళం పెరిగింది కదా, దాని నడక దానిదే. కష్టపెట్టలేదు, అవమానించలేదు."

ఆ పదకొండు పేజీల్లో తర్వాతి వాక్యం అదే. ఆ మధ్యాహ్నం చదివాను.

ప్రోగ్రాము ఇరవై ఏడు గంటలని చూపించింది. మొదలుపెట్టేసరికి పన్నెండు. రేపు మూడు. పెట్టె పక్క రేకు బిగించకుండా, టేబుల్ ఫ్యాను దాని ఎదురుగా పెట్టాం. ఆ ఎండల్లో ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానికే వెళ్ళింది. భోజనాల దగ్గర మా ఆవిడ బీరకాయ కూర రెండోసారి, నేను చెయ్యి చాపకముందే వడ్డించింది.

శనివారం ఉదయం మా ఇంట్లో మిక్సీ వేయడం, ఇస్త్రీ పెట్టె ముట్టుకోవడం నిషేధించాను, ఫ్యూజు పోతుందేమోనని. పచ్చడి రోట్లో నూరవలసి వచ్చింది. ఎవరు నూరారన్నది ఇక్కడ రాయనవసరం లేదు. చొక్కా మాత్రం నలిగినదే తొడుక్కున్నాను. మూడూ పదికి పని పూర్తయింది. మొదటి పది సెకన్లు విని, గొంతు వచ్చిందని నిర్ధారించుకుని, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. మిగతాది వినే వ్యవధి లేదు.

టీచరుగారి వాకిట్లో షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీల్లో నలభై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది ఆయనను ఎరిగిన ముసలివాళ్ళు. కొట్టు అమ్మాయి ముందుగానే వచ్చి స్పీకరు పెట్టె పక్కన వైర్లు సర్దుతోంది. ప్రార్థన అయింది, పాట అయింది. పాస్టర్‌గారు నావైపు తల ఊపారు.

"యానాం పురప్రజలకు తెలియజేయునది ఏమనగా..."

టీచరుగారు తెల్లచీర కొంగు ఒళ్ళో మడతపెడుతూ కూర్చుని ఉన్నారు. మొదటి మాటకు ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఏడవలేదు. తల కాస్త ముందుకు వంచి, క్లాసులో ఎవరైనా పాఠం అప్పగిస్తుంటే వినేటప్పటిలాగా విన్నారు. గేదె తప్పిపోయింది. పిల్లలకు టీకాలు వేస్తారన్నారు. టూరింగ్ హాల్లో ఆట మారింది. ముసలివాళ్ళు ఒకరినొకరు గోకి "ఆ గేదె దొరికిందిరా" అనుకుంటున్నారు. సగం టేపు అయింది.

"పెద్దమేడ వారి గృహమందలి సామాను..."

కొన్ని తలలు నావైపు తిరిగాయి. నేను ఎలా కూర్చుని ఉన్నానో అలాగే కూర్చున్నాను. మంచాలు వెళ్ళాయి. బీరువాలు వెళ్ళాయి. గడియారం వెళ్ళింది, నడుచుచున్నది.

వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. "బాబూ, ఆ గడియారం మా ఇంట్లోనే ఉందండి. ఇంకా నడుత్తానే ఉంది. కాపోతే పావుగంట ముందు."

"మా ఇంట్లోనూ అంతే నడిచేది" అన్నాను. జనం నవ్వారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

సామాను జాబితా ఇంకా సాగింది. కుర్చీలు, దీపాలు, ఇత్తడి గంగాళాలు. అదంతా అయ్యాక, ప్రకటన ముగిసిందనుకున్నాక, ఆ గొంతు మారింది. గ్రాంథికం పోయి మామూలు మాట వచ్చింది. అది కాగితం మీద రాసి ఇచ్చింది కాదు.

"సూడండి, కొనుక్కునేవోళ్ళు చెప్పులు వీధిలో ఇడిసి లోపలికెళ్ళండి. గట్టిగా మాటాడకండి, నవ్వులాటలాడకండి. ఆ ఇంట్లో సిన్నపిల్లోడున్నాడు."

షామియానా గుంజకు కట్టిన తాడు ముడి ఒకటి నా ఎదురుగా ఉంది. దాన్ని చాలా శ్రద్ధగా చూశాను. ఆ వేలం రోజున మా మెట్ల కింద, వీధిలో, వరసగా చెప్పులు ఉండటం నేను మేడమీది నుంచి చూశాను. అంతమంది చెప్పులు విడిచి రావడం మా వంశం మీది గౌరవం వల్లనే అని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ప్రక్కకు తిరిగేసరికి టీచరుగారు నన్నే చూస్తున్నారు. ఏదో అనబోయారు. ఈలోపు గొంతు మళ్ళీ కాగితంలోకి వెళ్ళిపోయింది.

"మరియొక ప్రకటన. రేపటి దినమున మంచినీటి కుళాయిలు రావు. గృహిణులు నీరు ముందుగానే పట్టి ఉంచుకొనవలెను."

టీచరుగారు ఒక్కసారి కుర్చీలో నిటారుగా అయ్యారు. "ఇదే!" అని పైకే అనేశారు. పాస్టర్‌గారు ఉలిక్కిపడ్డారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ నావైపు వంగారు.

"ఊరంతా తిరిగి చెప్పొచ్చాడు నాయనా, మా ఇంట్లో చెప్పడం మర్చిపోయాడు. మర్నాడు ఒక్క బిందెలో చుక్క లేదు. నేను అరుస్తుంటే, అన్నం ముందు కూర్చుని, ఇదే గొంతుతో, అచ్చం ఇలాగే, 'ప్రకటించితిని కదా' అన్నాడు."